పెదవి దాటని మాట

కాకినాడలో ఉప్పుటేరు పక్కన, జగన్నాథపురం వంతెన దిగగానే, పిల్లలకు మాటలు నేర్పే కేంద్రం ఒకటి ఉండేది. రెండు గదులు, ముందొక వరండా. పలుకుపట్టీలు వచ్చి ఊరూరా పిల్లల మెడల మీద కనబడటానికి చాలా ముందు సంగతి ఇది. ఆ రోజుల్లో మాట రాని బిడ్డకు మాట రప్పించాలంటే ఒకటే దారి, ఎదురుగా కూర్చోవడం. హైమావతి తన ఉద్యోగ జీవితమంతా అలా కూర్చునే గడిపింది.

ముందు గదిలో గోడకు పిల్లల ఎత్తుకు సరిపడా ఒక అద్దం, దాని ముందు చాప. ఒక బిడ్డను పక్కన కూర్చోబెట్టుకుని, తన నోరూ ఆ బిడ్డ నోరూ అద్దంలో పక్కపక్కనే కనబడేలా సర్దుకుని, పెదవులు రెండూ కలిపి "మ" అనేది. నాలుక కొసను పళ్లకు తాకించి "త" అనేది. టబ్బులో నీళ్లు పోసి, కాగితప్పడవలు వదిలి, ఊపిరి బిగించి ఊదమనేది. పై పెదవికి తేనె రాసి నాలుకతో అందుకోమనేది. బయట వరండాలో తల్లులు పూలు కట్టుకుంటూ, ఏటి గాలికి ఎగిరే కొంగులు సర్దుకుంటూ కబుర్లు చెప్పుకునేవాళ్లు. లోపల ఏ బిడ్డ అయినా కొత్తగా ఒక శబ్దం చేస్తే చాలు, వరండా అంతా ఒక్కసారిగా మాటలు ఆపి చెవులు రిక్కించేది. ఆ నిశ్శబ్దమంటే హైమావతికి ప్రాణం.

ఆ చాప మీద కూర్చున్న పిల్లల్లో ఫణీంద్ర ఒకడు. పోర్టులో గుమాస్తాగా పనిచేసే తండ్రి వాణ్ని సైకిలు మీద దింపి వెళ్లేవాడు, తల్లి వరండాలో కూర్చునేది. వాడికి తెలివి తక్కువ కాదు. ఏం అనాలో తెలుసు, అనాలనీ ఉండేది. నోరే వాడి మాట వినేది కాదు. నీళ్లు అనబోతే "ఈయి" వచ్చేది. అమ్మ అనబోతే ఒక రోజు "అబ్బ", మరో రోజు ఉత్త గాలి. పేరేమిటని అడిగితే "అయి" అనేవాడు. అలా ఏళ్ల తరబడి వచ్చాడు. ఒక వానాకాలం మధ్యాహ్నం, ఎవరూ అడగకుండానే, అద్దంలోకి చూస్తూ "ఫణి" అన్నాడు. రెండక్షరాలూ చెక్కినట్టు వచ్చాయి. హైమావతి వాణ్ని చంకనెత్తుకుని వరండాలోకి పరుగెత్తింది. వాడి తల్లి ఒళ్లో పూలన్నీ నేల మీద పడ్డాయి. ఆ మధ్యాహ్నాన్ని హైమావతి ఎన్నో ఏళ్లు మనసులో దాచుకుంది. దిగులు కమ్మిన రోజున దాన్ని తలుచుకుంటే ఆమెకు మళ్లీ పనిలోకి దిగే ఓపిక వచ్చేది.

ఆ తర్వాత ఫణీంద్ర పెద్ద చదువులు చదివి విశాఖపట్నంలో ఒక పరిశోధనశాలలో చేరాడని విన్నది. చూడలేదు. హైమావతి జుట్టు నెరిసిపోయాక ఒక ఉదయం ఒక పొడుగాటి మనిషి వరండా మెట్లెక్కి "టీచర్" అన్నాడు. ఆ మాటలో మొదటి అక్షరం మీద అతను కాస్త ఆగి బరువు వేయడం విని ఆమె గుర్తుపట్టింది.

అతని చేతిలో చిన్న పెట్టె ఉంది. అందులోంచి రెండు వేళ్ల వెడల్పున్న మెత్తటి పట్టీ తీసి, ఆమె గొంతు మీద అతికించాడు. కొంచెం చల్లగా తగిలింది. దానికి ఆమె గొంతు తెలియడానికి కాసేపు ఏదో ఒకటి మాట్లాడమన్నాడు. తర్వాత చెప్పాడు:

"ఇప్పుడు మాట్లాడకండి టీచర్. ఏదైనా అనబోయి ఆగిపోండి, చాలు."

హైమావతి నోరు కదపలేదు. అయినా ఆమె గొంతు దగ్గర నుంచి, ఆమె గొంతులాగే ఉన్న ఒక గొంతు, "ఎంత చిక్కిపోయావురా, అసలు తిండి తింటున్నావా" అంది.

ఫణీంద్ర పగలబడి నవ్వాడు. ఆమె కూడా నవ్వింది కానీ, చేయి తనంతట తాను మెడ మీదికి పోయింది. అతన్ని గుర్తుపట్టగానే అడగాలనుకుని, ఇన్నేళ్లకు వచ్చినవాణ్ని రాగానే అలా అనకూడదని ఆపుకున్న మాట అది.

మాట పుట్టేది నోట్లో కాదని అతను చెప్పాడు. నోరు కదలడానికి ముందే గొంతుకు ఒక కబురు వస్తుంది, అందీ అందనంత సన్నటి కరెంటు రూపంలో. కొందరు పిల్లలకు ఆ కబురు సరిగ్గానే వస్తుంది, నోటి దగ్గరికి వచ్చాకే చెడిపోతుంది. పట్టీ ఆ కబురును దారిలోనే అందుకుని తానే పలికేస్తుంది. తన చిన్నప్పుడు ఇది ఉండి ఉంటే, అన్నాడు, ఈ చాపా ఈ అద్దమూ ఏవీ అక్కర్లేకపోయేవి. ఆ మాట హైమావతికి ఎక్కడో గుచ్చుకుంది. కానీ ఆమె కాదనలేకపోయింది. అప్పటికి చాప మీద ధాత్రి ఉంది.

ధాత్రికి ఆరేళ్లు. తండ్రి వీరబాబు చేపల రేవు దగ్గర ఐసు ఫ్యాక్టరీలో పనిచేసేవాడు. తల్లి మంగతాయారు ఇంట్లో జాకెట్లు కుట్టేది. రెండేళ్లుగా కేంద్రానికి తిరిగితే పిల్లకు పట్టుబడ్డవి నాలుగైదు శబ్దాలు. "మ" రావడానికే నెలలు పట్టింది. కానీ మంగకు ఆ నాలుగైదూ చాలు. కనుబొమ్మలు పైకెత్తి "ఆ" అంటే నీళ్లు, తల పక్కకు వాల్చి "ఆ" అంటే వీధిలోకి. పిల్ల ఏదైనా అనబోయిందంటే మంగ మిషను ఆపి, వెనక్కి తిరిగి, గడ్డం పట్టుకుని మొహంలోకి చూసేది. చూస్తే తప్ప తెలియదు మరి.

పట్టీ పెట్టిన రోజు ధాత్రి చాలాసేపు ఏమీ అనలేదు. అందరి మొహాలూ చూసింది. చివరికి తల్లి వైపు తిరిగింది, గొంతు అదిరింది.

"నాకు సాంబారు ఒద్దు."

మంగ ఉన్నచోటే చాప మీద కూలబడింది. "రెండేళ్ల నుంచీ రోజూ అదే పెడతన్నానండి," అంది హైమావతితో, ఏడుపూ నవ్వూ కలిసిపోయి. "ఇట్టంగా తింటందనుకున్నానండి."

ఆ తర్వాతి రోజులు పండగ లాంటివి. దాచిపెట్టుకున్నవన్నీ ధాత్రి ఒక్కొక్కటే బయటపెట్టింది. వీధిలో పిల్లికి తను పెట్టుకున్న పేరు చెప్పింది. నాన్న చొక్కా ఐసు వాసన వేస్తుందనీ, తనకది ఇష్టమనీ చెప్పింది. వీరబాబు ఆ చొక్కా ఉతకనివ్వలేదు. ఫ్యాక్టరీ గేటు దగ్గర లారీల వాళ్లను ఆపి మరీ కూతురు కబుర్లు చెప్పేవాడు. ఫణీంద్ర వారం వారం విశాఖపట్నం నుంచి వచ్చి ధాత్రితో గంటల తరబడి కూర్చునేవాడు. పిల్ల గలగలా మాట్లాడుతుంటే అతని మొహంలో కనిపించే వెలుగు చూసి హైమావతి తన మనసులో గుచ్చుకున్న ముల్లును తానే తీసేసుకోవాలని చూసింది.

కానీ ఆమె కళ్లు ఊరుకోలేదు. ఒక రోజు జాకెట్టు తీసుకోవడానికి మంగ ఇంటికి వెళ్లింది. ధాత్రి గుమ్మంలో కూర్చుని ఏదో చెబుతోంది. మంగ వెనక్కి తిరక్కుండానే, మిషను ఆపకుండానే "ఊ, ఊ" అంటోంది. వినబడుతోంది కదా, చూడాల్సిన పని లేదు. మాట్లాడుతున్నంతసేపూ పిల్ల నోరు కదలడం లేదు. పెదవులు అలాగే ఉన్నాయి, ఎవరో మరిచిపోయి వెళ్లిన వస్తువులాగా. హైమావతి పక్కన కూర్చుని "మ" అనమంది. నోరు తెరుచుకుంది, శబ్దం రాలేదు. నెలల తరబడి సంపాదించుకున్నది వాడకపోవడంతో పోయింది.

ఇంకొకటి కూడా చూసింది. ఎదురింటావిడ వచ్చి పిల్లను ముద్దు చేయబోతే పట్టీ "ఈవిడ దగ్గర చెమట కంపు" అంది. పెద్దవాళ్లంతా నవ్వేశారు. ధాత్రి నవ్వలేదు. గొంతు మీద ఏదో పాకినట్టు ఉలిక్కిపడి తల వంచుకుంది.

ఈ సంగతులన్నీ హైమావతి ఫోనులో ఫణీంద్రతో చెప్పింది. పని జరుగుతోంది కదా టీచర్ అన్నాడతను, నోరు కదిలితే ఏం, కదలకపోతే ఏం. ఆమె ఇంకేదో అనబోయి, పాతకాలపు మనిషి పాతపాట పాడుతోందనుకుంటాడేమోనని ఊరుకుంది.

చలికాలంలో పరిశోధనశాల వాళ్లు, దానికి సాయం చేస్తున్న పెద్దలు కొందరు, ధాత్రిని చూడటానికి వచ్చారు. వరండాలో కుర్చీలు వేశారు. మంగ కొత్త చీర కట్టుకుని మొదటి వరసలో కూర్చుంది. ధాత్రి చక్కగా తన పేరు చెప్పింది, ఊరు చెప్పింది, పిల్లి సంగతి చెప్పింది. చప్పట్లు కొట్టారు. వచ్చినవాళ్లలో ఒక పెద్దావిడ, మంచి మనిషే, ముద్దుగా అడిగింది: మీ అమ్మంటే నీకు ఎంత ఇష్టమో చెప్పమ్మా అని.

ధాత్రి తల్లి వైపు చూసింది. గొంతు అదిరింది. ఉన్నట్టుండి రెండు చేతులతో నోరు మూసుకుంది. కానీ మాట వచ్చేది నోట్లోంచి కాదు.

"అమ్మ నన్ను చూసి ఏడుత్తాది," అంది పట్టీ.

పిల్ల చేతులు ఇంకా గట్టిగా బిగించింది. ఆపాలని ఎంత తంటాలు పడితే ఆ మాట గొంతులో అంత గట్టిగా తిరిగినట్టుంది. పట్టీ ముద్దుగా, స్పష్టంగా, పద్యం అప్పజెప్పినట్టు చెప్పుకుపోయింది. "నేను లేపోతే ఏడవదు. నేను లేపోతే అమ్మకి బాగుంటాది."

హైమావతి పరుగున వెళ్లి పట్టీ లాగేసింది. పిల్ల గొంతు మీద ఎర్రటి గుర్తు పడింది. ధాత్రి చేతులు మాత్రం నోటి మీద నుంచి తీయలేదు. తండ్రి ఎత్తుకుని ఇంటికి తీసుకెళ్తున్నప్పుడు కూడా అలాగే ఉన్నాయి. మంగ కుర్చీలోంచి లేవడానికి చాలాసేపు పట్టింది.

ఆ రోజు నుంచి ధాత్రి మాట్లాడలేదు. పట్టీతోనూ లేదు, పట్టీ లేకుండానూ లేదు. పాత "ఆ" కూడా లేదు.

మర్నాడు ఫణీంద్ర ముందు గదిలో, పట్టీని అరచేతిలో పెట్టుకుని కూర్చున్నాడు. పైకి అనే మాటకూ ఆపుకునే మాటకూ గొంతుకు వచ్చే కబురు ఒకటేననీ, ఆ రెంటికీ తేడా పట్టీకి తెలియదనీ, ఇంకా మెరుగుపరచాలనీ ఏదో చెబుతున్నాడు. హైమావతికి కోపం ఆగలేదు. ఈ గదిలో పిల్లలు ఎంత కష్టపడ్డా ఒక్కరికీ ఇలాంటి గాయం కాలేదంది. చాప మీద కూర్చుని, కిందా మీదా పడి, నవ్వుకుంటూ నేర్చుకున్నారంది.

"నువ్వు మాత్రం సంతోషంగా లేవా ఇక్కడ? నీ పేరు నువ్వు చెప్పిన రోజు మరిచిపోయావా?"

ఫణీంద్ర తల ఎత్తలేదు. నెమ్మదిగా అన్నాడు:

"ఆ రోజు మీకు గుర్తుంది టీచర్. నాకు మిగతా రోజులు గుర్తున్నాయి."

ఒకసారి మొదలుపెట్టాక ఆపలేదు. అద్దంలో వంకర తిరిగే తన నోరు చూసుకోలేక ఎన్నిసార్లు కళ్లు మూసుకున్నాడో చెప్పాడు. ఇప్పటికీ అద్దం చూడకుండానే గడ్డం గీసుకుంటాడట. పక్కపిల్లాడు ఊదిన పడవ ముందుకు పోతుంటే తన పడవ ఉన్నచోటే తిరిగేది. అన్నిటికంటే అతన్ని వేధించింది వరండాలోని నిశ్శబ్దం. తను నోరు తెరవగానే బయట కబుర్లు ఆగిపోయేవి. అందరూ వింటున్నారని తెలిసేది, వాళ్లలో అమ్మ ఉందని తెలిసేది. వచ్చేది ఉత్త గాలి. కాసేపటికి మళ్లీ కబుర్లు మొదలయ్యేవి, అమ్మ గొంతు తప్ప. ఏ పిల్లా ఆ నిశ్శబ్దంలో కూర్చోకూడదని ఈ పట్టీ చేశానన్నాడు.

హైమావతి చాప అంచు పట్టుకుని కూర్చుండిపోయింది. ఇన్నేళ్లు ఆమె ప్రాణంలా చూసుకున్న నిశ్శబ్దం అది. దానికి అవతలి వైపు ఒక పసివాడు చెమటలు కక్కుతూ కూర్చున్నాడని ఆమెకు తట్టనేలేదు. అద్దంలో తన నోరే చూసుకుందేమో.

"ఇదంతా ఇన్నేళ్లూ నాతో ఎందుకు అనలేదురా?"

"మీరు బాధపడతారని."

"మరి ఇవాళ ఎందుకన్నావ్?"

"అనాలనిపించింది."

"అదే మరి," అంది హైమావతి. "ఎప్పుడనాలో, అసలు అనాలో వద్దో నీ చేతిలో ఉంచుకున్నావు. ఆ పిల్లకి అది లేకుండా చేశాం మనం."

ఫణీంద్ర ఆమె మొహంలోకి చూశాడు. పట్టీని పెట్టెలో పెట్టి మూత వేశాడు.

అతను విశాఖపట్నం వెళ్లి పట్టీని మార్చాలన్నాడు. గొంతుకు కబురు రాగానే పలికేయకూడదు, ఆగాలి. పిల్ల పెదవులు కదిపితేనే పలకాలి. పెదవుల కదలిక తప్పుగా ఉన్నా ఫరవాలేదు, అదే పిల్ల ఇచ్చే అనుమతి. పరిశోధనశాల పెద్దలు ఒప్పుకోలేదు. అలా చేస్తే మాట ఆలస్యమవుతుంది, పెదవులు కదపడం నేర్పడానికి మళ్లీ నెలలు పడుతుంది, ఎవరు కొంటారన్నారు. పాత పట్టీనే వేరే ఊళ్లలో అమ్మడం మొదలుపెట్టారు. ఫణీంద్ర సెలవు పెట్టి కాకినాడ వచ్చి కేంద్రం వెనక గదిలో బల్ల వేసుకున్నాడు. ఆ ఏడాదంతా ఆ గదిలో తీగలు అతికించే సీసం కరిగిన వాసన, ముందు గదిలో పిల్లల సందడి. మధ్యాహ్నాలు ఇద్దరూ ఒకే క్యారియరు విప్పుకుని తినేవాళ్లు. తన జీవితంలో మళ్లీ రాని రోజులవి అని హైమావతి తర్వాతెప్పుడూ అంటుండేది.

ఆమె కూడా మారింది. అద్దానికి దుప్పటి కప్పేసింది, కావాలనుకున్న పిల్లలే దాన్ని తీసి చూసుకునేవాళ్లు. తల్లుల్ని వరండాలోంచి పంపేయలేదు కానీ, లోపల పాఠం జరుగుతున్నప్పుడు కబుర్లు ఆపొద్దని గట్టిగా చెప్పింది. కొన్నాళ్లు వాళ్లకు అది భలే కష్టమైంది.

మంగ ఇంటికి వెళ్లడానికి మాత్రం ఆమెకు ధైర్యం చాలలేదు. చివరికి ఒక రోజు వెళ్లింది. మిషను మీద గుడ్డ కప్పి ఉంది. ధాత్రి లోపల గోడవైపు తిరిగి పడుకుని ఉంది. హైమావతి క్షమించమని అడగబోతే మంగ వారించింది.

"నేను ఏడిసేమాట నిజమేనండి. నా తర్వాత దీన్నెవరు చూత్తారని. అది నిద్దరోయిందనుకునేదాన్నండి." కొంగుతో మొహం తుడుచుకుంది. "ఇప్పుడు నా కళ్లు తడైతే చాలు, లేచి అవతలికి పోతంది. నా దగ్గర అన్నం కూడా తినట్లేదు. మీ పట్టీ ఒద్దండి. దాని నోరు దానికి ఇచ్చేయండి."

పిల్ల తనంతట తాను అడిగేదాకా పట్టీ మాట ఎత్తనని హైమావతి మాట ఇచ్చింది. ఆ పైన రోజూ పొద్దుటే వెళ్లి ధాత్రి పక్కన కూర్చునేది. ఏమీ అనమనేది కాదు. తను వచ్చిన పని అదే అయినట్టు మంగకు గుండీలు కుట్టిపెట్టేది. ఒకనాడు మంగకు ఏడుపు ఆగక లేచి వెళ్లబోతుంటే, హైమావతి చేయి పట్టుకుని ఆపింది. ఇక్కడే ఏడవమంది, ఎందుకో చెప్పమంది. మంగ కూతురి ఎదుట కూర్చుని, గడ్డం పట్టుకుని, మొదటిసారిగా చెప్పింది. ఏడుస్తాననీ, నవ్వుతాననీ, రెండూ నీ గురించేననీ, నువ్వు లేకపోతే ఆ రెండూ ఉండవనీ. ధాత్రి ఆమె మొహంలోకి చూసింది. చూపుడువేలితో ఆమె చెంప మీది తడిని తాకింది. ఆ పూట తల్లి చేతి ముద్ద తింది.

వానలు మొదలయ్యాక "ఆ" తిరిగి వచ్చింది. తర్వాత "మ". మామిడిపళ్ల రోజులు మళ్లీ వచ్చి వెళ్లాక ఒక ఉదయం కేంద్రంలో ధాత్రి తన గొంతు తడుముకుని, వెనక గది వైపు వేలు చూపించింది. కొత్త పట్టీ పాతదానికంటే కొంచెం వెడల్పు. మాట గొంతులోకి వచ్చినప్పుడు దాని మీద ఆవగింజంత పచ్చటి దీపం వెలుగుతుంది, అంతే. పెదవులు కదిలేదాకా పలకదు. అది పిల్లకు ముందుగా చెప్పాడు, తన గొంతుకు పెట్టుకుని చూపించాడు. దీపం వెలిగింది, అతను పెదవులు బిగించాడు, దీపం ఆరిపోయింది. ఇదే ఆటగా రోజంతా ఆడారు.

మొదట్లో మాటలు మెల్లగా వచ్చేవి. పెదవులు పట్టుబడేవి కావు. మునుపటి గలగల లేదు. వీరబాబుకు ఓపిక చాలేది కాదు, ఆ పాతదే బాగుందేమోనండి అని ఒకసారి అన్నాడు కూడా. కానీ ధాత్రి మాట్లాడాలంటే పెదవులు కదపాలి, కదిపితే అవి ఎటు పోతున్నాయో ఎదుటివాళ్లకు చూడాలనిపించేది. మంగ మిషను మళ్లీ ఆగడం మొదలుపెట్టింది. మిగతా ఊళ్లలో పాత పట్టీలు తీసుకున్న కుటుంబాలు కూడా, పిల్లలు దాచుకున్న మాటలు ఇలాగే బయటపడేసరికి, ఒక్కొక్కటే వాటిని తెచ్చి తిరిగి ఇచ్చేశాక, పరిశోధనశాల వాళ్లు తామే ఫణీంద్రను వెతుక్కుంటూ వచ్చారు. ఇప్పుడు అందరికీ తెలిసిన పలుకుపట్టీ ఆ రెండోదే. ఆ కేంద్రం ఇప్పుడు లేదు. వంతెన వెడల్పు చేసినప్పుడు వరండాతో సహా పోయింది.

అది పోకముందు, ఫణీంద్ర తిరిగి విశాఖపట్నం బయల్దేరే రోజున, అందరూ ఆ వరండాలోనే కూర్చున్నారు. ఎండ తగ్గి ఏటి మీద గాలి మొదలైంది. ధాత్రి మెట్టు మీద కూర్చుని కాళ్లు ఊపుతోంది. ఫణీంద్ర ఆమె ఎదుట గొంతుక్కూర్చుని, నేను వెళ్తున్నాను, నాకేమైనా చెబుతావా అని అడిగాడు.

ధాత్రి అతన్ని చూసింది. హైమావతిని చూసింది. తల్లిని చూసింది. గొంతు మీద పచ్చటి దీపం వెలిగింది.

అందరూ ఆగారు. హైమావతి అలవాటుగా ఊపిరి బిగబట్టింది. పిల్ల పెదవులు ఒకదానిమీద ఒకటి గట్టిగా అదుముకున్నాయి. దీపం అలాగే వెలుగుతోంది, మాట అక్కడే ఉంది. ఆ బిగించిన పెదవుల మూలన మెల్లగా ఒక నవ్వు మొలిచింది. దీపం ఆరిపోయింది.

"ఏంటే అది? చెప్పొచ్చుగా," అంది మంగ.

ధాత్రి తల అడ్డంగా ఊపింది. కాళ్లు ఊపడం మళ్లీ మొదలుపెట్టింది.

ఫణీంద్ర హైమావతి వైపు తిరిగాడు. అతని కళ్లు నిండి ఉన్నాయి. జీవితమంతా పిల్లల ఎదుట కూర్చుని ఒక్క మాట కోసం కాచుకున్న మనిషి, ఆ సాయంత్రం ఇంకేమీ అడక్కుండా లేచి, మంగను కూడా లేవమని సైగ చేసి, అందరికీ టీ పెట్టడానికి లోపలికి వెళ్లింది.

ఆ మాటేమిటో ఆమెకు ఇప్పటికీ తెలియదు.